గెంజీకి గంజి

మా పాత ఖాతాదారు హాల్దార్ బాబు పోయారని తెలిసి పలకరించడానికి వెళితే, వాళ్లబ్బాయి లోపలి గదిలోంచి ఒక తెల్ల బనీను తెచ్చి బల్ల మీద నిలబెట్టాడు. పరవలేదు, నిలబెట్టాడు. అది నిలబడింది. తలా చేతులూ లేకుండా, రొమ్ము విరుచుకుని, ఎవరూ తొడుక్కోకపోతే తనంతట తనే ఆఫీసుకి వెళ్లిపోతానన్నట్టు నిలబడింది. చావింట్లో నవ్వకూడదని మా అమ్మ చిన్నప్పుడే చెప్పింది గానీ, చావింట్లో బనీను లేచి నిలబడితే ఏం చెయ్యాలో చెప్పలేదు. "మీ దుకాణందే," అన్నాడాయన బెంగాలీలో. "మా నాన్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. వేసుకుంటే చంకలు కోసుకుపోతాయని భయం. పారేస్తే మాషీమా ఏమనుకుంటుందోనని ఇంకో భయం." మాషీమా అంటే పిన్నిగారు, అంటే మా నానమ్మ. ఆవిడ ఏమైనా అనుకోవడం మానేసి చాలా ఏళ్లయింది. ఆ సంగతి ఆ బనీనుకి ఎవరూ చెప్పినట్టు లేదు.

వాళ్లింట్లోంచి బయటపడి బస్సెక్కాను గానీ కూర్చోలేకపోయాను. సీటు దొరికినా లేచి నిలబడ్డాను, నిలబడలేక దిగిపోయాను, దిగి నడవడం మొదలుపెట్టాను. ఇది మా వంశంలో ఉంది. మా నాన్న భోజనం కూడా సగం నిలబడే చేస్తాడు. రెండో మారు అన్నం దగ్గర తప్పనిసరై కూర్చుంటాడు. కలకత్తా గార్డెన్ రీచ్‌లో నేను పెరిగిన ఆ రోడ్డు ఇప్పటికీ అలాగే ఉంది. కంటైనర్ లారీలు వెళుతుంటే ఇళ్ల కిటికీలు పళ్లు కొరుకుతాయి. షిప్‌యార్డు కూత వేస్తే కుక్కలు జవాబిస్తాయి. నది కనిపించదు, దాని వాసన మాత్రం అద్దె కట్టకుండా ప్రతి ఇంట్లోనూ కాపురం ఉంటుంది. ఆ రోడ్డు మీదే మా దుకాణం. పేరు చెప్పుకోవడానికి లాండ్రీ. మా నాన్న బోర్డు మీద 'డ్రైక్లీనింగ్' అని కూడా రాయించాడు. డ్రైక్లీనింగ్ యంత్రం మాకు లేదు. కోట్లూ శాలువలూ పట్టుచీరలూ మూటగట్టి ఖిదిర్‌పూర్‌లో ఎవరిదో ప్లాంటుకి పంపేవాళ్లం. అవి తిరిగొచ్చాక మా కవర్లో పెట్టి, మేమే రాత్రంతా కష్టపడ్డట్టు మొహం పెట్టి ఇచ్చేవాళ్లం. ఆ మొహం పెట్టడంలో మా అమ్మ దిట్ట.

దుకాణం వెనక గదే మా ఇల్లు. ఇల్లు వేరు, దుకాణం వేరు అనే తేడా మధ్యలో వేలాడే దుప్పటికి తప్ప మాలో ఎవరికీ తెలిసేది కాదు. పొద్దున్న లేవగానే మొదట ముక్కుకి తగిలేది బొగ్గుల వాసన, తర్వాత సబ్బుసోడా, తర్వాత మా అమ్మ అన్నం వార్చిన గంజి. ఆ గంజి మాకు కాదు, ఖాతాదారులకి. మా వంటింట్లో బియ్యం ఎంపిక కూడా రుచిని బట్టి జరిగేది కాదు, చీర ఎంత నిటారుగా నిలుస్తుందన్న దాన్ని బట్టి జరిగేది. వానాకాలం వస్తే బయట ఆరేసే వీలుండదు కనుక గది నిండా తాళ్లు కట్టి, ఫ్యాను పెట్టి, బట్టల కింద మేం పడుకునేవాళ్లం. నా బాల్యంలో సగం పరాయివాళ్ల ప్యాంట్ల కింద గడిచింది. కళ్లు తెరిస్తే ఆకాశానికి బదులు ఒక బ్యాంకు మేనేజరుగారి కాళ్లు కనిపించేవి, మోకాళ్ల దగ్గరనుంచి నీళ్లు కారుతూ. వీధిలో ఎవరి ఇంట్లో గొడవ జరిగినా ముందు మాకే తెలిసేది, ఎందుకంటే మర్నాడు మొగుడి చొక్కాలు విడిగా వచ్చేవి.

కౌంటర్లో మా నానమ్మ కూర్చునేది. పేరు అప్పలనరసమ్మ, ఊరు శ్రీకాకుళం అవతల. తాతయ్య పోర్టులో పనికి వచ్చినప్పుడు ఆయనతో పాటు ఒక ట్రంకు పెట్టె, ఒక బొగ్గుల ఇస్త్రీపెట్టెతో వచ్చింది. తాతయ్య పోయాక ఆ రెండో పెట్టెతోనే మా నాన్నని పెంచింది. ఆవిడకి బెంగాలీ రాదు అంటే ఒప్పుకునేది కాదు. ఆవిడ లెక్కలో బెంగాలీ అంటే వేరే భాష కాదు, మన మాటల్నే వాళ్లు సరిగ్గా పలకలేకపోవడం. ఈ సిద్ధాంతంతో చేపలు కొనొచ్చు, రిక్షావాడితో పోట్లాడొచ్చు, పెళ్లి పేరంటాలకి కూడా వెళ్లొచ్చు. లాండ్రీ మాత్రం నడపకూడదు. ఎందుకంటే బెంగాలీలో బనీనుని గెంజీ అంటారు. హాల్దార్ బాబు కొత్త బనీన్ల మూట కౌంటర్ మీద పెట్టి, "మాషీమా, గెంజీ," అన్నారు. మా నానమ్మ "సరే బాబూ, గంజే కదా," అంది. ఆయన తల ఊపారు. ఇద్దరూ ఒక అవగాహనకి వచ్చినట్టు సంతోషంగా విడిపోయారు. మర్నాడు ఆయన తన బనీనుని తలుపు తట్టినట్టు వేలి కణుపుతో టకటకా కొట్టి చూసి, "ఎటా గెంజీ, నా ఢాల్?" అన్నారు. ఇది బనీనా, యుద్ధంలో పట్టే డాలా అని. పప్పుని వాళ్లు డాల్ అంటారు కనుక నానమ్మకి 'ఢాల్' కూడా పప్పులాగే వినిపించి ఉంటుంది. "పప్పేటి బాబూ, అన్నం గంజే పెట్టినాను," అంది నొచ్చుకుంటూ.

దీనికి రెండో సగం కూడా ఉంది. గంజిని బెంగాలీలో మాడ్ అంటారు. అంటే బనీను అన్నవాడికి ఆవిడ గంజి పెట్టేది, గంజి కావాలన్నవాళ్లని చూస్తే ఇస్త్రీ మాడ్చమంటున్నారని అనుకునేది. ఎవరైనా "మాడ్ వద్దు" అంటే ఆవిడకి రోషం: నానెప్పుడు మాడ్చినాను అని. మా పక్క బిల్డింగులోంచి ఒకావిడ దుర్గాపూజ రోజులకి ముందు ఎర్రంచు నూలు చీరల దొంతర తెచ్చి, "మాడ్ బేషి కోరే దేబేన్," అంది. గంజి బాగా దట్టించండి అని. మా నానమ్మ ఆవిడ వంక జాలిగా చూసి, చీరలు తీసుకుని, ఒక్క చుక్క గంజి లేకుండా మెత్తగా, పసిపిల్లలకి పొత్తిగుడ్డల్లా ఇస్త్రీ చేసి ఇచ్చింది. అష్టమి పొద్దున్న పూజకి కట్టుకుందామని విప్పిన ఆ బిల్డింగు ఆడవాళ్లంతా కలిసి వచ్చారు. ఆ తర్వాత కలిసి రావడం మానేశారు. నాన్న తల పట్టుకుని, "అమ్మా, ఎన్నిసార్లు సెప్పినాను, మాడ్ అంటే గంజని," అన్నాడు.

"మరి గెంజీ అంటే?"

"బనీను."

"అన్నీ నువ్వే తిరగేసి సెప్తన్నావు. ఎవులైనా సీర మాడ్చీమని అడుగుతారేటి? పాపం పిచ్చిది గావాల అని ఒగ్గీసినాను. అదీ నా తప్పేనేటి?"

సరిగ్గా ఆ రోజుల్లోనే మా నాన్న చేతికి ఒక కరపత్రం వచ్చింది. లాండ్రీ, డ్రైక్లీనింగ్ యజమానులకు వ్యాపార ప్రణాళికలో ఉచిత శిక్షణ, ఆదివారాలు, ధర్మతలాలో ఒక హాల్లో, మధ్యలో సమోసాలు. నాన్న తొమ్మిదో తరగతి దగ్గర చదువు ఆపేశాడు. నేను అప్పుడు సరిగ్గా తొమ్మిదో తరగతిలో ఉన్నాను కనుక, ఆయన ఆగిన చోటినుంచి తీసుకెళ్లడానికి నేనే తగినదాన్నని నన్నూ వెంటేసుకెళ్లాడు. నోట్సు నేను రాయాలి, ఆయన వినాలి. ఆయన వెనక గోడ దగ్గర నిలబడి విన్నాడు. కుర్చీ ఉంది కదా అంటే, "కూర్చుంతే నిద్దరొచ్చీస్తాది," అన్నాడు. నిలబడినా వచ్చింది, అది వేరే సంగతి.

పాఠం చెప్పే సేన్‌గుప్తా సార్ మంచివాడు, ఉత్సాహవంతుడు, కానీ ఆయన చొక్కా జేబు కింద ఒక మరక ఉంది. హాలు నిండా ఊరి నలుమూలల నుంచి వచ్చిన లాండ్రీ వాళ్లు. ఆ మరక ముందు మార్కెట్ ఎంత, ప్రణాళిక ఎంత! సార్ 'మీ ఖాతాదారు ఎవరు' అని అడుగుతుంటే, బడ్జ్ బడ్జ్ నుంచి వచ్చినాయన అది ఆవపిండి అన్నాడు. టికియాపారా ఆయన తలకేసుకునే రంగు అన్నాడు. మా నాన్న మెడ సాచి చాలాసేపు చూసి, "పసుపు. దాని మీద సబ్బు రుద్ది ఎర్రగా చేశారు," అని తీర్పిచ్చాడు. వెనక రెండు వరుసలు తలలూపాయి. ఆ రోజు సార్ చెప్పినవాటిలో మా నాన్న బుర్రలోకి వెళ్లింది ఒకటే వాక్యం: "కౌంటర్ అంటే మీ దుకాణం ముఖం." ఆ మాట వినగానే ఆయన నా వంక చూశాడు, నేను ఆయన వంక చూశాను, ఇద్దరికీ కళ్ల ముందు మా దుకాణం ముఖం కనిపించింది. ముక్కుకి రెండు వైపులా బేసరులు, నోట్లో నిప్పు లోపలికి పెట్టిన అడ్డపొగ చుట్ట.

ఇంటికొచ్చాక ఆయన గదిలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. గది చిన్నది కనుక ఇది నడక కన్నా తిరగడమే ఎక్కువ. అమ్మ కంచాలు పెట్టింది. నానమ్మ పీట మీద కూర్చుంది. చివరికి నాన్న గోడ మీద క్యాలెండరుతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"అమ్మా, కౌంటరంతే దుకానానికి మొహం అంట."

"ఎవులన్నారు?"

"సార్ అన్నారు."

"అయితే నా మొహానికి ఏటయ్యింది?"

"నీ మొహానికి ఏటీ అవలేదే. మాట గురించి. నువ్వు లోపల మడతలు సూసుకో. కౌంటర్ నాను సూసుకుంతాను. దీన్నే ప్రాసెస్ అంతారు."

నానమ్మ అన్నం కలపడం ఆపలేదు. "నన్ను లోనికి తొయ్యడానికి ఆదివారం ఆదివారం బస్సెక్కి ఎల్లి నేర్చుకున్నావా? ఇంట్లో అడిగితే నానే సెప్పుదును కదరా," అంది. అమ్మ వంటింట్లోంచి "పప్పు సల్లారిపోతంది," అని అరిచింది. మా ఇంట్లో గొడవ ముదిరే ముందు ఎప్పుడూ పప్పు చల్లారిపోయేది.

మడతల దగ్గర నానమ్మ పొద్దున్న నుంచి టీ వేళ దాకా ఉంది. వెనక గదిలో కిటికీ లేదు, మనుషులు లేరు, తగవు పెట్టుకోవడానికి చొక్కాలు తప్ప ఎవరూ లేరు. టీ తాగి, గ్లాసు బోర్లించి, చుట్ట ఆర్పి, తన పాత ఇస్త్రీ బల్లని ఈడ్చుకుంటూ దుప్పటి తీసి బయటికి వచ్చింది. నేను సాయం పట్టబోతే "ఒగ్గీయ్," అంది. లారీల మధ్యలోంచి బల్లనీ, తర్వాత బొగ్గుల పెట్టెనీ, తర్వాత బొగ్గుల సంచినీ రోడ్డు దాటించి, ఎదురుగా మూతపడిన గడియారాల దుకాణం చూరు కింద పెట్టుకుంది. నాన్న కౌంటర్లో నిలబడి చూస్తున్నాడు. ఆయన కొత్తగా తగిలించుకున్న నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, తియ్యడం మర్చిపోయినట్టున్నాడు. నానమ్మ పెట్టె మూత తెరిచి బొగ్గులు ఊదింది. అలా మా దుకాణానికి ఎదురుగా ఇంకో ఇస్త్రీ దుకాణం వెలిసింది.

దీన్ని విషాదంగా చెప్పాలని నాకూ ఉంది గానీ, జరిగింది మాత్రం అలా లేదు. మధ్యాహ్నం అమ్మ రెండు క్యారియర్లు కట్టేది. ఒకటి కౌంటర్ మీద పెట్టి, ఇంకోటి నా చేతికిచ్చి "ఎదురోళ్లకి ఇచ్చీసి రా," అనేది. చీకటి పడ్డాక ఎదురోళ్లు మా ఇంటికే వచ్చి, కాళ్లు కడుక్కుని, మా పీట మీదే కూర్చుని, మా చారే పోసుకుని, మా నాన్నని మర్యాదగా, "ఈయేళ బేరం ఎలగుంది?" అని అడిగేవారు. నాన్న "పరవాలేదు. నీకో?" అనేవాడు. "దేవుడి దయ," అనేది. లోపల మాత్రం ఆయనకి తిన్నది అరగడం లేదని మా అందరికీ తెలుసు. ఆవిడ వయసు పెరుగుతోంది, బొగ్గుల పెట్టె బరువు తగ్గడం లేదు. రోజూ పొద్దున్న తల్లి లారీల మధ్యలోంచి రోడ్డు దాటుతుంటే ఆయన చేతిలో పని ఆగిపోయేది. ఆవిడని మళ్లీ ఈ గడప లోపలికి తీసుకురావాలి. కానీ కౌంటర్ ఇస్తే పక్క బిల్డింగు మళ్లీ రాదు, ఇవ్వకపోతే ఆవిడ రాదు. వీధిలో తెలుగువాళ్లు ఎవరైనా ఆగి, "ఏటి సింహాచలం, మీ అమ్మ రోడ్డు మీదుందేటి?" అని అడిగితే, "బ్రాంచి పెట్టినాము," అనేవాడు.

తర్వాతి ఆదివారం పాఠం పోటీ గురించి. అంతకు ముందు వారం నాన్న తనకి పోటీయే లేదని చెప్పి ఉన్నాడు. సార్ ఆయన దగ్గరికొచ్చి, "చెప్పండి షింఘో దా," అన్నాడు. సింహాచలం అన్న పేరుని బెంగాలీ నోళ్లు అంతవరకే లాగగలిగేవి; దా అంటే దాదా, అన్నగారు.

"ఇప్పుడొకరు వచ్చారు సార్. ఎదురుగానే."

"మంచిది! పోటీదారు బలాలేమిటి?"

నాన్న ఆలోచించాడు. "పొద్దున్నే లేస్తుంది సార్. అలసిపోదు. అందరిళ్లలో సంగతులూ తెలుసు."

"బలహీనతలు?"

"బెంగాలీ రాదు. వచ్చనుకుంటుంది."

"మీ పద్ధతులు కాపీ కొడుతున్నారా?"

"లేదు సార్. నాకు పని నేర్పిందే ఆవిడ."

సార్ కళ్లజోడు సర్దుకున్నాడు. "అలాంటప్పుడు ఒక మాట. కలిసిపొమ్మని అడగండి. లేదా వాళ్ల వ్యాపారాన్ని మీరే తీసేసుకోండి. మాట్లాడి చూశారా?"

"రోజూ మాట్లాడుతాను సార్. రాత్రి మా ఇంట్లోనే పడుకుంటుంది. మా అమ్మ."

హాలు పగలబడింది. టికియాపారా ఆయన బల్ల చరిచి నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు, కానీ ఆయన చెయ్యి మాత్రం చొక్కా అంచుని మడతపెడుతూ, విప్పుతూ, మళ్లీ మడతపెడుతూ ఉంది. నేను నోట్సులో 'బలహీనతలు' కింద ఏం రాయాలో తెలియక ఖాళీ వదిలేశాను.

తర్వాత వాన వచ్చింది. కలకత్తా వానకి దిగే స్టాపు తెలియదు, ఎక్కితే ఎక్కడమే. రోడ్డు మీద నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. చెప్పులూ కొబ్బరిచిప్పలూ ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ మా దుకాణం ముందునుంచి నది వైపు ప్రయాణం కట్టాయి. ఎదురుగా నానమ్మ ఇటుకల మీదకి బల్ల ఎత్తి పెట్టుకుని, తను ఇంకో ఇటుకల వరస మీద నిలబడి, గొడుగుని చూరుకి కట్టి ఇస్త్రీ చేస్తోంది. గొడుగు ఒకటే, గాలులు మాత్రం నాలుగు వైపులా. నాన్న గుమ్మం దాకా వెళ్లాడు, వెనక్కొచ్చాడు, మళ్లీ వెళ్లాడు. ఒక ఖాతాదారు రసీదు అడుగుతుంటే వినిపించుకోలేదు. చివరికి ప్యాంటు పైకి మడిచి నీళ్లలోకి దిగాడు. నేను వెనకే దిగాను. నాకు అక్కడ పనేమీ లేదు, అలాంటివి చూడకుండా ఉండలేను అంతే.

"అమ్మా, వొచ్చీ. దుకానంలోకి వొచ్చీ."

నానమ్మ తల ఎత్తలేదు. "కౌంటర్ నాదేనా?"

నాన్న గొడుగు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. అవునమ్మా అంటే అయిపోయేది. వాన తగ్గాక చూసుకోవచ్చు. ఎవరైనా అదే అంటారు, నేనైతే అనేదాన్ని.

"కాదే," అన్నాడు.

"లోన మడతలేనా?"

"మడతలే."

ఆవిడ పెట్టె ఎత్తి అడుగు భాగం చూసుకుంది. "మరైతే ఆ గొడుగు తిన్నగా పట్టుకో. బొగ్గులు ఆరిపోతన్నాయి," అంది.

నాన్న కాసేపు తిన్నగా పట్టుకున్నాడు. తర్వాత గొడుగు నా చేతికిచ్చి, ఈదినంత పనిచేసి దుకాణానికి వెళ్లి, మేం పెద్ద మూటల మీద కప్పే టార్పాలిన్ తెచ్చాడు. మూతపడిన దుకాణం తలుపు గొళ్లేనికి ఒక కొసా, కరెంటు స్తంభానికి ఒక కొసా, పక్క గోడ మేకుకి ఒక కొసా కట్టి, నాలుగోదానికి ఏమీ దొరక్క తన నడుం బెల్టు విప్పి కిటికీ ఊచకి కట్టాడు. పైన నీళ్లు చేరి టార్పాలిన్ పొట్ట దిగింది. కిందనుంచి కర్రతో పొడవబోయేసరికి బెల్టు జారి, ఆ నీళ్లన్నీ ఒక్కసారి నాన్న నెత్తిన పడ్డాయి. నానమ్మ అప్పుడు తల ఎత్తింది. తడిసి ముద్దయి, ప్యాంటు జారకుండా ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డ కొడుకుని పైనుంచి కిందికి చూసి, "ముడెయ్యడం కూడా ఆ సారే నేర్పినాడేటి?" అంది. తర్వాత ఆవిడే ఇటుక మీదనుంచి దిగి, తిన్నగా కట్టింది. ఆ టార్పాలిన్ ఆవిడ బల్ల మీద ఎండకి తెల్లబడేదాకా ఉంది.

శిక్షణ చివరి రోజు సార్ ఒక్కొక్కరినీ లేపి అడిగాడు. పోటీని ఎదుర్కోవడానికి మీరు తీసుకున్న చర్యలేమిటి? నాన్న ఎలాగూ నిలబడే ఉన్నాడు. "టార్పాలిన్ కట్టాను సార్," అన్నాడు. "మీ దుకాణానికా?" "కాదు సార్. పోటీకి." సార్ బోర్డు మీద రాసినదంతా ఒకసారి చూసుకుని, దాన్ని తుడవనూ లేదు, వివరించనూ లేదు. "తర్వాత ఎవరు?" అన్నాడు. అందరికీ ధ్రువపత్రాలిచ్చారు. మా నాన్నదాంట్లో పేరు 'సింగ్' అని పడింది. దుకాణంలో అది చూసినవాళ్లు చాలామంది ఆయన్ని పంజాబ్ నుంచి వచ్చావా అని అడిగారు.

విచిత్రం ఏమిటంటే ఇద్దరికీ బాగానే నడిచింది. పక్క బిల్డింగు ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు నాన్న దగ్గరికి తిరిగొచ్చారు, ఏ దుకాణదారునైనా పిలిచినట్టే ఆయన్నీ 'దాదా' అని పిలిచి, మాడ్ అంటే మాడ్ పెట్టించుకున్నారు. నానమ్మ బల్ల దగ్గరికి కార్పొరేషన్ క్వార్టర్లలోంచి, పోర్టు లైన్లలోంచి మనవాళ్లు వచ్చేవారు. "పిన్నీ, గంజి కాస్త ఎక్కువెయ్యి," అనేవారు. అక్కడ గంజి అంటే గంజే. పెళ్లయి వచ్చినప్పటినుంచి ఆ ఊరికి ఆవిడ చెబుతున్నది అదే కదా.

ఇప్పుడు నేను ఊరి ఆ చివర పదో అంతస్తులో ఉంటున్నాను. బట్టలు ఉతికే యంత్రం పని అయిపోగానే పాట పాడుతుంది, తను ఏదో ఘనకార్యం చేసినట్టు. ఇస్త్రీకి ఫోన్లో చొక్కా బొమ్మ నొక్కితే చాలు, ఒకబ్బాయి వచ్చి సంచి తీసుకెళ్లి, మర్నాడు గుమ్మానికి తగిలించి వెళతాడు. గంజి కావాలంటే దానికీ ఒక బొమ్మ ఉంది. ఎవరూ ఎవరినీ తప్పుగా వినరు, ఎందుకంటే ఎవరూ ఏమీ అనరు. తర్వాత ఆ ఫోను నన్ను నక్షత్రాలు ఇవ్వమంటుంది. మా నానమ్మకి నక్షత్రాలిచ్చే ధైర్యం ఆ వీధిలో ఎవరికుండేదో ఆలోచిస్తాను. నా బట్టలు అప్పటికన్నా శుభ్రంగా ఉన్నాయి, ఇల్లు పొడిగా ఉంది, నెత్తి మీద ఎవరి ప్యాంటూ లేదు. ఇంత సుఖంగా ఉండి కూడా సెలవురోజు మధ్యాహ్నం ఈ గదిలోంచి ఆ గదికి తిరుగుతూనే ఉంటాను. నిద్ర పట్టదు. నెత్తి మీద ఎక్కడో నీళ్లు కారుతూ ఉండాలి అనిపిస్తుంది. మొన్న నాన్నకి ఫోన్ చేసి హాల్దార్ బాబు బనీను సంగతి చెబితే చాలాసేపు నవ్వి, "ఆయన మంచోడు. పాపం, మొదట్లోనే సెప్పుంటే బాగుండును," అన్నాడు. నాన్న ఎప్పుడూ మొదట్లోనే చెప్పేవాడు. దానివల్ల ఆయనకి ఒరిగిందేమిటో నాకు తెలుసు, ఆయన తడిసిన రోజు పక్కనే ఉన్నాను.

నానమ్మ కౌంటర్లోకి తిరిగి రాలేదు. ఆవిడ అడగలేదు, ఆయన అబద్ధం చెప్పలేదు. అలా కొన్ని వానాకాలాలు గడిచాయి. ఒక చలికాలం ఆవిడ కుడి భుజం పట్టేసింది. పెట్టె ఎత్తడం అటుంచి, చెయ్యి చెవి దాకా కూడా లేచేది కాదు. ఎడమ చేత్తో ప్రయత్నించింది. నాన్న ఇటునుంచి చూస్తూ ఉన్నాడు, నేను కాలేజీకి వెళ్లకుండా ఆయన పక్కనే నిలబడి చూస్తూ ఉన్నాను. ఆవిడ పెట్టెలో బొగ్గులు కాలవలో పోసింది. ఇస్త్రీ కావలసిన బట్టలన్నీ దుప్పట్లో వేసి మూటకట్టి, ఎడమ చంకలో పెట్టుకుని, లారీ ఒకటి వెళ్లేదాకా ఆగి, రోడ్డు దాటింది. నేను మధ్యలో వేలాడే దుప్పటి పక్కకి తీసి పట్టుకున్నాను, లోపలికి వస్తుందేమోనని. ఆవిడ లోపలికి రాలేదు. కౌంటర్‌కి ఇవతల, ఖాతాదారులు నిలబడే చోట నిలబడి, మూట పైన పెట్టింది.

నాన్న మూట వంక చూశాడు. ఆవిడ భుజం వంక చూశాడు. రసీదు పుస్తకం తెరిచి, కలం తీసుకున్నాడు.

"పేరు?" అన్నాడు.

"అప్పలనరసమ్మ."

ఆయన రాశాడు. అంత చిన్న పేరు రాయడానికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎప్పటికి కావాలి?"

నానమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, దుకాణమంతా కొత్తగా చూస్తున్నట్టు ఒకసారి కలయజూసింది.

"తొందరేటి లేదు, దాదా," అంది.